నాపరాయికి ఎన్ని నంబర్లు?

నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు పోయే రైలు బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు మీదుగా వెళ్తుంది. ఈ దారి పూర్తిగా తెరుచుకున్నది 2016లో. మనకవి దిగే స్టేషన్లు, పెళ్లిళ్లకు వెళ్లే ఊళ్లు. భూగర్భ శాస్త్రం చదివినవారికి మాత్రం వీటిలో కొన్ని రాళ్ల పేర్లు. కడప, కర్నూలు సీమల రాతిపొరల మీద విలియం కింగ్ రాసిన నివేదిక 1872లో అచ్చయింది. ఏ పొర ఏ ఊరి దగ్గర తేటగా కనబడితే ఆ పొరకు ఆ ఊరి పేరే స్థిరపడింది. అలా బనగానపల్లె క్వార్ట్జైటు, నార్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు శాస్త్ర గ్రంథాలకెక్కాయి. మన పక్క ఊళ్లకు ఇంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది?

అదే రాయి లారీ ఎక్కి చెన్నైకో కృష్ణపట్నానికో చేరేసరికి ఊరి పేరు రాలిపోతుంది. కాగితం మీద ఒక అంకె మిగులుతుంది. ఎంత సుంకం పడుతుంది, ఎంత వాపసు వస్తుంది, అసలు ఓడెక్కనిస్తారా లేదా అన్నది ఆ అంకె చెబుతుంది. సంజామల చుట్టుపక్కల రాతిని నమ్ముకుని బతికే కుటుంబాలు తక్కువేమీ కాదు. అందుకే ఆ అంకె ఎలా పుడుతుందో తీరిగ్గా చెప్పుకుందాం.

దాని మూలం బ్రస్సెల్స్‌లో ఉంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హార్మొనైజ్డ్ సిస్టమ్ అనే పట్టిక 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రెండు వందలకు పైగా దేశాలు, ఆర్థిక ప్రాంతాలు తమ సుంకాల పట్టికను దాని మీదే కట్టుకున్నాయి. మొదటి రెండంకెలు అధ్యాయం. నాలుగంకెలైతే శీర్షిక, ఆరైతే ఉపశీర్షిక. అక్కడిదాకా ప్రపంచమంతా ఒకటే లెక్క. ఆపైన ఎవరి దేశం వారిష్టం. మనకు 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం కింద మొత్తం ఎనిమిదంకెలు. జీఎస్టీ బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అంటూ రాసేది కూడా ఈ వంశానిదే. ఏడాది వ్యాపారం 5 కోట్ల లోపుంటే నాలుగంకెలు రాస్తారు, దాటితే ఆరు, ఎగుమతికి ఎనిమిది. కాబట్టి కొలిమిగుండ్ల, అవుకు వైపు నాపరాళ్లు లోడు వేసేవారికి ఈ అంకె కొత్తది కాదు. రోజూ రాస్తున్నదే. దాని వెనక ఉన్న ఆలోచననే వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

రాయి, మన్ను, ఉప్పు, గంధకం, సున్నం, సిమెంటు 25వ అధ్యాయంలో ఉంటాయి. లోహం తీసే ముడిఖనిజాలు 26లో, బొగ్గూ చమురూ 27లో. ఇంతవరకు తేలికే. 25వ అధ్యాయం గడప దగ్గర ఒక గమనిక ఉంది, అసలు కీలకమంతా అందులోనే. రాయిని కడగవచ్చు, పగలగొట్టవచ్చు, దంచి పొడి చేయవచ్చు, జల్లించవచ్చు, నీళ్లలో తేర్చవచ్చు, అయస్కాంతంతో మలినం ఏరవచ్చు. ఇవన్నీ చేసినా అది ముడిరాయే, ఈ అధ్యాయంలోనే ఉంటుంది. కాల్చినా, మరొకదానితో కలిపినా, ఆ శీర్షిక చెప్పిన హద్దు మించి పనిచేసినా బయటికి పోవాలి, ఆ శీర్షికే ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప. దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను: కస్టమ్స్‌వారు మొదట అడిగేది రాయి పేరు కాదు, రాయికి ఏం పని జరిగిందని.

ఇప్పుడు ఒక్క నాపరాయిని పట్టుకుని నడుద్దాం. నాపరాయి అంటే పొరలుపొరలుగా ఊడివచ్చే సున్నపురాయి. దేశమంతా కడప బండలని పిలిచే రాతి కుటుంబం. బేలం గుహల్ని నీళ్లు తొలిచింది కూడా ఈ సీమ సున్నపురాతిలోనే.

గనిలో పేల్చి తీసిన రాయి కొలిమిగుండ్లలోనో, బనగానపల్లె దగ్గర యనకండ్లలోనో, నంద్యాల దగ్గర బిలకలగూడూరులోనో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీకి పోయే రకమనుకోండి. సున్నం, సిమెంటు చేయడానికి వాడే సున్నపురాయికి శీర్షిక 2521. అదే రాతిని క్రషర్‌లో వేసి రోడ్డుకో కాంక్రీటుకో కంకర కొట్టిస్తే 2517. పేల్చకుండా జాగ్రత్తగా దిమ్మెగా తీస్తే అది కట్టడపు రాయి, 2515 దగ్గరకు వస్తుంది. ఈ 2515కు ఒక తూకం షరతు ఉంది. వెయ్యి ఘన సెంటీమీటర్ల ముక్క, అంటే లీటరు సీసాలో పట్టే నీళ్లంత పరిమాణమున్న ముక్క, రెండున్నర కిలోలకు తగ్గకుండా తూగాలి. తగ్గితే 2516కు పోతుంది. మన గట్టి నాపరాయి మామూలుగా ఈ తూకంలో నెగ్గుతుంది.

దిమ్మెను రంపం మిషన్ మీద చదరంగానో దీర్ఘచతురస్రంగానో కోసి అక్కడితో ఆగితే ఇంకా 2515లోనే ఉంటుంది. పాలిష్ పట్టారా, అధ్యాయమే మారిపోతుంది. 25ను దాటి, నడుమ నలభైకి పైగా అధ్యాయాలను దాటి, 68వ అధ్యాయంలో 6802 శీర్షిక కిందికి వెళ్తుంది. పనిచేసిన కట్టడపు రాళ్లు ఉండేది అక్కడే. కాలిబాటకు పరిచే బండగా చెక్కి సిద్ధం చేస్తే 6801. గనిలో గునపంతో లేపిన పలకను అంచులు కొట్టి చతురస్రం చేసిన మాట నిజమే, అది 2515లో ఉండాల్సిన ముడిపలకా, 6801లో ఉండాల్సిన పరుపుబండా? చూపుకు రెండూ ఒకటే. తగాదాలు పుట్టేది ఇలాంటి చోటే. ఎంత మేర చెక్కారు, ఏ పనికి తయారుచేశారు అన్నది ఫొటోలతో, కొనుగోలుదారు ఆర్డరుతో చూపగలిగితేనే జవాబు నిలబడుతుంది.

ఇక మంట సంగతి. సున్నపురాతిని బట్టీలో కాలిస్తే సున్నం, 2522. అయితే అది మామూలు సున్నమై ఉండాలి. రసాయనాల దుకాణంలో అమ్మేంత శుద్ధమైన కాల్షియం ఆక్సైడైతే 28వ అధ్యాయంలో 2825కు పోతుంది. సిమెంటు బట్టీ నుంచి వచ్చే క్లింకరు, ఆ తర్వాత దానికి జిప్సం కలిపి నూరిన సిమెంటు, రెండూ 2523. కాల్చినవీ కలిపినవీ 25వ అధ్యాయంలో ఎలా ఉన్నాయని అడగాలి మీరు. శీర్షికే వాటిని పేరు పెట్టి పిలిచింది కాబట్టి ఉన్నాయి. బేతంచెర్ల, డోన్ వైపు దొరికే డోలమైటు సంగతీ అంతే. కాల్చినా కాల్చకపోయినా 2518 దాన్ని వదలదు. సున్నపురాయి కాలితే ఇల్లు మారుతుంది, డోలమైటు కాలినా ఆ ఇంట్లోనే ఉంటుంది. తర్కంతో ఊహించి రాసేవారు తప్పు చేసేది ఇక్కడే. శీర్షికలోని మాటలను ఒక్కొక్కటీ చదవక తప్పదు.

కంకర, దిమ్మె, పాలిష్ బండ, పరుపుబండ, సున్నం, సిమెంటు: ఒకే పొర, ఇన్ని నంబర్లు. పొరకు ఊరి పేరు పెట్టిన శాస్త్రవేత్త రాయి ఎప్పుడు, ఎలా పుట్టిందో చూశాడు. సుంకపు పట్టిక ఆ రాయి మీద మనిషి చెయ్యి ఎంతదూరం పోయిందో చూస్తుంది.

పేరుతో వచ్చే చిక్కు కూడా ఉంది. బేతంచెర్లలో పాలిష్ పట్టిన రాతిని మనం మార్బుల్ అనే అంటాం, షాపుల బోర్డుల మీదా అదే ఉంటుంది. భూగర్భ శాస్త్రం ప్రకారం మార్బుల్ అంటే లోపలి వేడికీ ఒత్తిడికీ మారిపోయి స్ఫటికాలు కట్టిన సున్నపురాయి. మన బండ ఆ దశకు పోలేదు. ఈ తేడా మీదే 1990లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అప్పట్లో మార్బుల్ దిగుమతికి లైసెన్సు కావాలి, ఇతర సున్నపురాళ్లకు అక్కర్లేదు. బొంబాయి రేవులో దిగిన పలకలను కస్టమ్స్‌వారు మార్బులే అన్నారు. పాలిష్‌కు లొంగే ఇలాంటి రాతిని బజారులో మార్బుల్‌గానే ఎంచుతారన్నది వారి వాదన. దిగుమతిదారు, కాదు, మార్బుల్ కాని సున్నపురాయి అన్నాడు. సాధారణంగా పన్నుల చట్టంలో మాటకు బజారులో వాడే అర్థమే తీసుకోవాలి. కానీ ఈ శీర్షిక తూకపు షరతులు పెట్టి, శాస్త్రపు పేర్లు వాడి రాసింది కాబట్టి ఇక్కడ శాస్త్రపు అర్థమే చెల్లుతుందని కోర్టు తేల్చింది. ఆ పలకలు మార్బుల్ కావని తీర్పు వచ్చింది.

మన బేతంచెర్ల పాలిష్ యూనిట్లకు ఇది నేరుగా వర్తించే సంగతి. పాలిష్ పట్టిన మార్బుల్‌కు ఉపశీర్షిక 6802.91, పాలిష్ పట్టిన ఇతర సున్నపురాళ్లకు 6802.92. బోర్డు మీద మార్బుల్ అని రాసుకోవడం వ్యాపారం. షిప్పింగ్ బిల్లులో ఆ మాట రాస్తే, అవతలి రేవులో వేరే రేటు, వేరే ప్రశ్నలు ఎదురుకావచ్చు. ఆరంకెల దాకా ప్రపంచమంతా ఒకటే కాబట్టి ఇక్కడ రాసిన తప్పు ఇక్కడే ఆగదు. దుబాయి కొనుగోలుదారు తన కాగితంలో వేరే ఉపశీర్షిక రాస్తే 2022 మే 1 నుంచి యూఏఈతో అమల్లో ఉన్న ఒప్పందపు రాయితీ కూడా చిక్కులో పడుతుంది. సరుకు మన దేశంలోనే తయారైందని చెప్పే ధ్రువపత్రం ఈ అంకె మీదే నడుస్తుంది మరి.

నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ మన బడి సంచిలోనే ఉంది: పలకా బలపమూ. బలపం అంటే మనకు రాసే పుల్ల. అసలు బలపం మెత్తటి రాయి పేరు, శాస్త్రంలో స్టియటైట్. బేతంచెర్ల ప్రాంతంలో దొరుకుతుంది. గడ్డగా ఉంటే 2526.10. పొడి కొడితే 2526.20. సన్నపుల్లగా కోసి పిల్లవాడి చేతికిస్తే 96వ అధ్యాయంలో, పెన్సిళ్ల పక్కన, 9609. అదే పొడికి సువాసన చేర్చి డబ్బాలో పోస్తే ముఖానికి రాసే పౌడరు, అత్తరుల పక్కన 3304. పలకకు కూడా ఇలాంటి కథే. మార్కాపురం పలకల రాయి గనిలో నుంచి తీసినప్పుడు 2514, పనిచేసి మలచితే 6803, చట్రం కట్టినా కట్టకున్నా రాసుకునే పలకైతే 9610. మార్కాపురం పలకలు ఒకప్పుడు విదేశీ బడులకు కూడా వెళ్లాయి. అక్షరం దిద్దిన రాయి ముడిరాయి కాదని, పనిముట్టు అని పట్టిక ఒప్పుకుందన్నమాట.

రైల్వే కోడూరు పక్కన ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఏపీఎండీసీ తవ్వే బెరైటీస్ (ముగ్గురాయి అని కూడా అంటారు) ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి. కర్నూలు సీమలోనూ తెల్ల బెరైటీస్ సిరలుగా దొరుకుతుంది. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి బరువైన బురద కావాలి, ఆ బరువు ఈ రాతిదే. నీటికంటే 4.20 రెట్లు బరువుంటే మేలురకం, తగ్గేకొద్దీ ధర పడిపోతుంది. బజారులో అంతా గ్రేడు మాటే. సుంకపు పట్టిక మాత్రం ఆ గ్రేడును పట్టించుకోదు. సహజ బేరియం సల్ఫేటు 2511.10, దాని కింద మన దేశపు పట్టికలో గడ్డలకు ఒకటి, పొడికి ఒకటి. మిల్లులో ఎంత మెత్తగా ఆడించినా 2511 దాటదు. కానీ ఇదే బేరియం సల్ఫేటును ఫ్యాక్టరీలో రసాయన క్రియతో అవక్షేపంగా చేస్తే 2833కు పోతుంది. చేతిలో రెండు తెల్లపొడులు పోసుకుని చూస్తే తేడా కనబడదు. ఒకటి భూమి చేసింది, ఒకటి మనిషి చేసింది. బెంటొనైటు మట్టికీ ఇలాగే: ముడిగా ఉంటే 2508, ఆమ్లంతో చురుకు తెప్పిస్తే 3802. రెండు ఖనిజాలను కలిపి తయారు బురదమందుగా సంచుల్లో నింపితే మొదట చెప్పిన ‘కలపరాదు’ అన్న గమనిక అడ్డు వస్తుంది, 25వ అధ్యాయం వదిలిపోతుంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. గనుల చట్టంలో బెరైటీస్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మైకా 2015 ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజాలయ్యాయి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ పెద్ద ఖనిజాలయ్యాయి. లీజు ఎవరివ్వాలి, రాయల్టీ ఎవరు నిర్ణయించాలి అన్నది ఆ మార్పుతో మారుతుంది. సుంకపు అంకె అంగుళం కదలదు. ఖనిజ శాఖ పర్మిట్లో ఏ మాట ఉందో కస్టమ్స్ కాగితంలోనూ అదే అంకెగా మారుతుందని అనుకోవడం పొరపాటు. రెండు చట్టాలు, రెండు ప్రయోజనాలు.

అంకె మీద డబ్బు ఎలా వేలాడుతుందో చూడాలంటే ఇనుపరాయిని మించినది లేదు. 2022 మే 22న కేంద్రం ఇనుపరాయి ఎగుమతి మీద గ్రేడుతో పని లేకుండా 50 శాతం సుంకం వేసింది. ఆరు నెలలు తిరగకముందే, నవంబరు 19న, పాత పద్ధతి తిరిగి తెచ్చింది: ఇనుము 58 శాతం లోపున్న గడ్డలకూ పొడికీ సుంకం లేదు, ఆపైన 30 శాతం. ఒక్క గీత, అటు సున్న, ఇటు ముప్పై. ఆ గీతను ఎలా కొలవాలి? వంద కిలోల రాతిలో 8 కిలోలు తేమ ఉందనుకుందాం. ఆరబెట్టగా మిగిలిన 92 కిలోల్లో ఇనుము 60 శాతం, అంటే 55.2 కిలోలు. ఆరిన రాయి లెక్కన 60 శాతం, సుంకం కట్టాలి. తడి రాయి లెక్కన 55.2 శాతం, కట్టనక్కర్లేదు. సుప్రీంకోర్టు తడి లెక్కనే ఒప్పుకుంది, 2012లో కస్టమ్స్ బోర్డు ఆ ప్రకారమే సర్క్యులర్ ఇచ్చింది. బళ్లారి, హోస్పేట రాయిని కృష్ణపట్నం నుంచి పంపినవారికి ఆ నీటిచుక్కల విలువ తెలుసు.

బొగ్గులోనూ ఇలాంటిదే జరిగింది. 2012 బడ్జెటులో స్టీమ్ కోల్‌కు మూల సుంకం తీసేశారు, బిట్యుమినస్ బొగ్గుకు 5 శాతం ఉంచారు. ఎగిరే పదార్థం 14 శాతం దాటి, వేడి కిలోకు 5,833 కిలోకేలరీలకు తగ్గకపోతే బిట్యుమినస్ అని అధ్యాయం గమనిక చెబుతుంది. ఇండోనేషియా నుంచి స్టీమ్ కోల్ పేరుతో దిగిన ఓడల మీద నోటీసులు వచ్చాయి. మరుసటి ఏడాది రెండింటికీ ఒకే రేటు చేశాక గాని కొత్త తగాదాలు ఆగలేదు.

పెద్ద కంపెనీలకు వకీళ్లుంటారు. నా దిగులంతా పది మందితో పాలిష్ మిషన్ నడిపే యజమాని గురించి. ఆయన కస్టమ్స్ బ్రోకర్‌కు ఫోన్లో ‘బండలు’ అని చెబుతాడు, బ్రోకర్ పోయినసారి రాసిందే మళ్లీ రాస్తాడు. 2011 నుంచి మన కస్టమ్స్‌లో స్వయం మదింపు పద్ధతి ఉంది. అంకె వేసే బాధ్యత సరుకు వేసేవారిదే, బ్రోకర్ చెయ్యి రాసినా సంతకం యజమానిదే. సుంకం తక్కువ కట్టారని తేలితే రెండేళ్ల వెనక్కి, కావాలని దాచారని తేలితే ఐదేళ్ల వెనక్కి నోటీసు ఇవ్వవచ్చు.

కాబట్టి సరుకు ఫొటో ఒక్కటే పంపితే చాలదు. ఏ గని రాయి, దిమ్మెగా తీశారా పలకగా లేపారా, రంపం ఎన్ని వైపుల తగిలింది, పాలిష్ ఒక ముఖానికా రెండింటికా, అంచు గుండ్రం చేశారా అని నాలుగు వాక్యాలు తెలుగులోనైనా సరే రాసి బ్రోకర్‌కు ఇవ్వాలి. సాంద్రత, ఖనిజ కూర్పు పరీక్ష ఒకసారి చేయించుకుంటే అదే గని రాయికి చాలాకాలం పనికొస్తుంది. రేవులో అధికారికి అనుమానం వస్తే నమూనా కస్టమ్స్ ప్రయోగశాలకు పోతుంది. అప్పుడు మన చేతిలో మన పరీక్ష కాగితం ఉండాలి. నమూనా తీసేటప్పుడు దగ్గరుండి, రెండో ముక్క మీద సీలు వేయించుకోవడం మరవకూడదు. కొత్త రకం సరుకు మొదలుపెడుతూ అంకె తేలకపోతే ఢిల్లీ, ముంబయిలలో ఉన్న ముందస్తు తీర్పుల అథారిటీని ముందే అడగవచ్చు. అక్కడ వచ్చిన జవాబు అడిగినవారికీ ఆ అధికారులకూ కట్టుబాటు.

పట్టిక కూడా శాశ్వతం కాదు. కొన్నేళ్లకోసారి తిరగరాస్తారు. ఇప్పుడున్నది 2022 కూర్పు, తర్వాతిది 2028 జనవరి 1న వస్తుంది. ఆ రోజుకు ముందే సంజామల, అవుకు, బేతంచెర్ల యూనిట్ల యజమానులు నలుగురూ ఒకచోట కూర్చుని, ఒక్కొక్కరి పాత బిల్లులు తీసి, ఒకే బండకు ఎవరెవరు ఏ అంకె రాస్తున్నారో పక్కపక్కన పెట్టి చూసుకుంటే బాగుంటుంది.